దాహంతో చెరువుకు తోలకండి

పాడి రైతు ఇంట్లో లెక్కల పుస్తకం ఉంటే ఒకసారి తెరిచి చూడండి. దాణా బస్తాకు ఎంత, ఎండుగడ్డి ట్రాక్టరుకు ఎంత, సూదికి ఎంత, మందుల షాపులో బాకీ ఎంత, అన్నీ కనిపిస్తాయి. నీళ్ల మాట మాత్రం ఏ పేజీలోనూ ఉండదు. నీళ్లు ఊరికే వస్తాయి కాబట్టి లెక్క రాయం. లెక్క రాయని దాని గురించి ఆలోచించడం కూడా మానేస్తాం.

నిజానికి పశువు కడుపులోకి వెళ్లేవాటిలో నీళ్లంత బరువైనది మరొకటి లేదు. ఆవు పాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. గేదె పాలలో 82, 83 పాళ్లు ఉంటాయి. లీటరు పాలు దిగాలంటే పశువు తన మామూలు అవసరానికి తోడు మరో మూడు నాలుగు లీటర్లు తాగాలి. పాలిచ్చే గేదెకు నడివేసవిలో రోజుకు 70, 80 లీటర్లు కావాలి. కొన్న దాణాలో బూజు కనిపిస్తే షాపుకు తిరిగి వెళ్లి నిలదీస్తాం. అదే గేదె పాచి పట్టిన తొట్టిలోనో, పేడ కలిసిన కుంటలోనో మూతి పెట్టి కడుపు నింపుకుంటుంటే గట్టు మీద నిలబడి చూస్తుంటాం.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఒక్కటే. నట్టల మందు కడుపులో ఇప్పటికే చేరినవాటిని చంపుతుంది. కొత్తవి చేరకుండా ఆపేది నీళ్ల దగ్గర మన అలవాటు. అలవాటు మార్చుకోకుండా మందు మాత్రం పోస్తూ పోతే ఏటా అదే ఖర్చు, ఏటా అదే చిక్కిపోయిన గేదె.

చెరువు అంచున ఏం జరుగుతోంది

శత్రువు గురించి తెలియనిదే జాగ్రత్త నిలవదు. ఎవరో చెప్పారని నాలుగు రోజులు చేసి మానేస్తాం. అందుకే ముందు కార్జపు జలగ కథ పూర్తిగా వినండి.

ఇది కాలికి పట్టి రక్తం పీల్చే జలగ కాదు. ఆకులా పలచగా, బల్లపరుపుగా ఉండి పశువు కార్జంలో, పైత్యనాళాల్లో కాపురం పెట్టే పురుగు. మన ప్రాంతంలో గేదెలకు, ఆవులకు, గొర్రెలకు, మేకలకు పట్టే రకాన్ని శాస్త్రవేత్తలు ఫాసియోలా జైగాంటికా అంటారు. పెరిగితే రెండు అంగుళాలు కూడా దాటుతుంది. ఒక్కో జలగ రోజుకు వేల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పైత్యంతో పేగుల్లోకి దిగి, పేడలో కలిసి బయటికి వస్తాయి.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఆ పేడ మెరక నేల మీద పడి ఎండిందనుకోండి, గుడ్డు చచ్చిపోతుంది. నీళ్లలో పడితే వెచ్చటి వాతావరణంలో రెండు వారాల లోపే గుడ్డు పగిలి, కంటికి ఆనని పిల్ల ఈదుకుంటూ బయటికి వస్తుంది. దాని ఆయుష్షు దాదాపు ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో సరైన జాతి నత్త దొరకాలి. దొరక్కపోతే కథ అక్కడితో ముగుస్తుంది. దొరికితే నత్త శరీరంలోకి దూరి, అక్కడే పిల్లల మీద పిల్లలు పెట్టి, ఒకటిగా వెళ్లింది వందలుగా మారుతుంది. నెలన్నర, రెండు నెలలు గడిచాక తోకలున్న పిల్లలు నత్త నుంచి నీళ్లలోకి వచ్చేస్తాయి. కాస్త దూరం ఈది, నీటి అంచున ఉన్న గడ్డి కాడను పట్టుకుని, తోక వదిలేసి, ఒంటి చుట్టూ గట్టి పొర కట్టుకుంటాయి. కొన్ని నీటి పైభాగంలోనే పొర కట్టుకుని తేలుతుంటాయి. ఒక్కొక్కటి పావు మిల్లీమీటరు ఉంటుంది. తడి ఉన్నంతకాలం అవి పశువు నోటి కోసం అలా కాచుకుని ఉంటాయి.

గడ్డితోనో నీళ్లతోనో లోపలికి వెళ్లాక పొర విప్పుకుని, పేగు గోడను తొలుచుకుని, కార్జంలోకి చేరి, కండను తింటూ వారాల తరబడి తిరుగుతాయి. చివరికి పైత్యనాళంలో స్థిరపడి గుడ్లు పెట్టడానికి మూడు నెలలకు పైనే పడుతుంది. ఈ మూడు నెలల సంగతి గుర్తుంచుకోండి, పేడ పరీక్ష దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. 1879–80లో ఇంగ్లండులో ఎడతెరిపి లేని వానల తరువాత ఈ జబ్బుతో లక్షల గొర్రెలు చనిపోయాయి. ఆ దెబ్బతో పరిశోధన మొదలై, ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్జర్నన్ థామస్, జర్మనీలో రుడాల్ఫ్ ల్యూకార్ట్ ఎవరికి వారుగా 1880ల తొలి ఏళ్లలో ఈ నత్త రహస్యాన్ని తేల్చారు. అంటే ఈ గొలుసును ఎక్కడ తెంపాలో మనిషికి తెలిసి 140 ఏళ్లు దాటింది. తెలిసిన ఆ సంగతి చెరువు గట్టు దాకా రాకపోవడమే నా బాధ.

నత్త గురించి ఒక మాట. చెరువుల్లో కనిపించే ప్రతి నత్తా దోషి కాదు. కొన్నిచోట్ల కూర వండుకునే పెద్ద నత్తకు కార్జపు జలగతో సంబంధం లేదు. దానికి ఇల్లయ్యేది పలచటి గుల్లతో, మొన తేలి, మెలి తిరిగి ఉండే చిన్న నత్త. బిళ్లలా బల్లపరుపుగా చుట్టుకున్న మరో నత్త ఉంది. పొట్ట జలగలు, రక్తపు జలగలు దాన్ని ఆశ్రయిస్తాయి. మీ తొట్టి గోడకు, కాలువ ఒడ్డున రాళ్లకు, తామర ఆకుల అడుగున ఈ రెండు రకాలు అంటుకుని ఉన్నాయేమో చూడండి. చూడటానికి అయిదు నిమిషాలు చాలు. ఎంత జాగ్రత్త పడాలో ఆ అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక కాలం. వానాకాలంలో నిండిన చెరువు సంక్రాంతి దాటాక మెల్లగా వెనక్కి తగ్గుతుంది. ఊరంతా ఎండిపోతున్న వేళ చెరువు శిఖంలో మాత్రం లేతగడ్డి మొలుస్తుంది. కాపరికి అది వరంలా కనిపిస్తుంది. పశువులన్నీ అక్కడికే చేరతాయి. అక్కడే మేసి, అక్కడే తాగి, అక్కడే పేడ వేసి, అదే నీళ్లలో పడుకుంటాయి. నీరు తగ్గేకొద్దీ ఊరి చెరువు మొత్తంలో ఉన్న నత్తలు కూడా ఆ కాస్త చోటికే దగ్గరపడతాయి. మన పల్లెల్లో జలగ పట్టడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. వరి కోసిన మడిలో నీరు నిలిచిన చోట కొయ్యకాళ్లు మేపడం కూడా దాదాపు ఇలాంటిదే. పొర కట్టిన పిల్లలు వరి కాడ అడుగు భాగంలో, అంటే నీళ్లలో నానిన చోట ఉంటాయి. పచ్చిగా ఉన్న అడుగు గడ్డి కంటే, బాగా ఎండలో ఆరి వామిలో నెలల పాటు ఉన్న గడ్డి ఎంతో మేలు.

జలగ పట్టిన పశువు వెంటనే పడిపోదు. అదే పెద్ద చిక్కు. మేత తింటూనే ఉంటుంది, ఒంటికి పట్టదు. వెంట్రుక గరుకు తేలుతుంది. పాలు కొద్దికొద్దిగా తగ్గుతాయి. ఎదకు రావడం ఆలస్యమవుతుంది. కంటి లోపలి ఎరుపు వెలిసిపోతుంది. పేడ ఒకరోజు గట్టిగా, ఒకరోజు పలచగా పడుతుంది. చివరికి దవడ కింద మెత్తగా నీరు దిగుతుంది. తల వంచి మేసి వచ్చిన పశువుకు ఈ వాపు సాయంత్రం బాగా కనిపించి, పొద్దున్నకు తగ్గినట్టుంటుంది. అందుకని సాయంత్రం దవడ కింద చెయ్యి పెట్టి చూడండి. గొర్రెల్లో మాత్రం ఒక్కసారిగా వందల పిల్ల జలగలు కార్జాన్ని తొలిస్తే ఏ లక్షణమూ చూపకుండానే చనిపోవచ్చు.

మందు ఎంతవరకు

మందును నేను తక్కువ చేయడం లేదు. మందు లేకుండా ఇప్పటికే జబ్బుపడిన పశువు కోలుకోదు. కానీ ఏ మందు దేనికో తెలియకపోవడం వల్ల చాలా డబ్బు వృథా అవుతోంది. ఐవర్‌మెక్టిన్ సూది వేయించి ‘అన్ని పురుగులూ పోయాయి’ అనుకునే రైతులు చాలామంది. ఆ సూది గుండ్రటి పురుగుల మీద, గజ్జి, పేల మీద పనిచేస్తుంది. జలగల మీద పనిచేయదు. ఆల్బెండజోల్ పెరిగిన కార్జపు జలగలను, అదీ మోతాదు సరిపోతేనే, చంపుతుంది. పిల్ల జలగలను వదిలేస్తుంది. పైగా చూలు నిలిచిన తొలి నెలన్నరలో దాన్ని వాడకూడదు. ఆక్సిక్లోజనైడ్ పెరిగిన కార్జపు జలగల మీద, పొట్ట జలగల మీద పనిచేస్తుంది. పిల్ల జలగలను కూడా పట్టేది ట్రైక్లాబెండజోల్. జలగల మందుల్లో కొన్నింటిని పాలిచ్చే పశువుకు వేస్తే కొన్ని రోజులు ఆ పాలు మనం తాగకూడదు, అమ్మకూడదు. ఏది, ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరుగారు పశువు బరువు, చూలు, పాలు చూసి చెప్పాలి. షాపులో అందిన సీసా తెచ్చి అన్నింటికీ ఒకే కొలత పోయడం వైద్యం కాదు.

మామూలుగా జలగల మందు వానలకు ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక మరోసారి వేయిస్తారు. మొదటిది ఎందుకో చాలామందికి తెలియదు. అది పశువు కోసం ఎంతో చెరువు కోసం కూడా అంతే. వానలు పడేనాటికి పశువు కడుపులో గుడ్లు పెట్టే జలగలు లేకపోతే, కొత్త నీటికి, కొత్త నత్తలకు చేరే గుడ్లూ ఉండవు. ఊళ్లో ఒక్క ఇల్లు వేయించి మిగతావాళ్లు మానేస్తే ఈ ప్రయోజనం సగానికి సగం పోతుంది.

పేడ పరీక్ష గురించి ముందు చెప్పిన మూడు నెలల మాట ఇక్కడికి వస్తుంది. పరీక్షలో కనిపించేవి గుడ్లు. పిల్ల జలగలు గుడ్లు పెట్టవు. ముఖ్యంగా పొట్ట జలగల పిల్లలు చిన్నపేగు మొదట్లో వేలల్లో చేరి పీకుతున్నప్పుడు గొర్రె, దూడ దుర్వాసనతో నీళ్లలా పారుతుంది, ప్రాణం మీదికి వస్తుంది, అయినా పేడలో ఒక్క గుడ్డూ దొరక్కపోవచ్చు. ‘పరీక్షలో ఏమీ లేదన్నారు’ అని ఊరుకోకుండా, పశువు ఎక్కడ మేసింది, ఏ నీళ్లు తాగింది అన్నది డాక్టరుగారికి చెప్పండి. ఆ రెండు వివరాలతో ఆయనకు సగం జబ్బు తెలిసిపోతుంది.

మరో జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రతి పురుగునూ నీళ్ల ఖాతాలో వేయకండి. గేదె దూడల్లో వచ్చే ఏలిక పాములు తల్లి పాల ద్వారా వస్తాయి. తొట్టి ఎంత కడిగినా అవి ఆగవు. దూడ పుట్టిన పది, పదిహేను రోజులకే దానికి నట్టల మందు తాగించాలి.

ముక్కులో పెరిగే జలగ

నీళ్లు తాగకపోయినా, నీళ్లలో నిలబడితే చాలు పట్టే జలగ ఒకటుంది. రక్తపు జలగల్లో ఒక రకం పశువు ముక్కు లోపలి రక్తనాళాల్లో ఉంటుంది. 1933లో మద్రాసులో పశువైద్య శాస్త్రవేత్త ఎం. అనంతనారాయణరావు దీన్ని వేరు జాతిగా గుర్తించి పేరు పెట్టారు. ముక్కులో కాలీఫ్లవర్‌లాంటి కండ పెరిగి, చీమిడి కారుతూ, ఊపిరి తీస్తే గుర్రుమనే శబ్దం వస్తుంది. ఆవులు, ఎద్దులు దీనితో బాగా బాధపడతాయి. గేదెలు పైకి పెద్దగా కనబడకుండానే మోస్తాయి.

గురక అనగానే మనకు గొంతువాపు గుర్తుకొస్తుంది. అది వేరు. గొంతువాపు తొలకరిలో హఠాత్తుగా తీవ్రమైన జ్వరంతో వచ్చి ఒకటి రెండు రోజుల్లో చంపే బాక్టీరియా జబ్బు, దానికి టీకా ఉంది. ఈ ముక్కు జలగ నెలల తరబడి సాగుతుంది, దీనికి టీకా లేదు.

ఈ జలగ గుడ్లు చీమిడిలో ఉంటాయి. పశువు నీళ్లు తాగుతూ ముక్కు చీదితే చాలు, గుడ్లు నేరుగా నీళ్లలో పడతాయి. అక్కడి నుంచి బిళ్ల నత్తలోకి, నత్త నుంచి మళ్లీ నీళ్లలోకి, ఆ నీళ్లలో దిగిన పశువు చర్మంలోకి. పశువుల రక్తపు జలగల పిల్లలు ఒక్కోసారి నీళ్లలో దిగిన మనుషుల చర్మంలో కూడా దూరుతాయి. మనలో బతకలేక అక్కడే చచ్చి దురద, దద్దుర్లు తెస్తాయి. వరి మడిలో దిగి పనిచేసే వాళ్లకు వచ్చే కాళ్ల దురదకు ఇదీ ఒక కారణం.

కాబట్టి తాగే నీళ్లు మార్చడంతో సగం పనే అవుతుంది. నిలవ నీటిలో పశువు కాళ్లు, మూతి మునిగే సమయం కూడా తగ్గాలి.

అలవాటు ఎలా నిలబెట్టాలి

చేయాల్సింది చిన్న పని. పశువును దాహంతో చెరువుకు తోలకండి. ఇంటి దగ్గర కడుపు నిండా తాగిన గేదె చెరువులో చల్లదనం కోసం దిగుతుందే కానీ అక్కడి నీళ్లు లీటర్ల కొద్దీ తాగదు.

కొత్త అలవాటును ఉత్తగా పెట్టుకుంటే నిలవదు, పాత అలవాటుకు కట్టేయాలి. పాడి ఇంట్లో ఎన్నడూ తప్పనిది పాలు పితకడం. పాలు పితికిన వెంటనే పశువుకు దాహం ఎక్కువ. రోజు మొత్తం తాగే నీళ్లలో పెద్ద భాగం ఆ గంటలోనే తాగుతుంది. అందుకని పాల చెంబు లోపల పెట్టి వచ్చిన చేత్తోనే తొట్టి నింపండి. తాగాకే పలుపు విప్పండి. పొద్దున ఒకసారి, సాయంత్రం పశువు ఇల్లు చేరగానే ఒకసారి. కుడితి పోశాం కదా అని నీళ్లు మానకండి. కుడితి మేతలో భాగం, మంచినీళ్లు వేరే ఉండాలి.

ఈ నీళ్లు మోసే పని మన ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్ల మీద పడుతుంది. బోరు దగ్గర నుంచి బిందెలతో 80 లీటర్లు, రెండు గేదెలుంటే 160 లీటర్లు మోయమని చెప్పి ‘అలవాటు చేసుకో’ అనడం న్యాయం కాదు. ముందు ఒక పైపు, ఒక కుళాయి తొట్టి దాకా రావాలి. ఆ పైపు ఖర్చును దాణా ఖర్చుతో పాటు రాసుకోండి. పనిని తేలిక చేయని ఇంట్లో ఏ మంచి అలవాటూ నెల దాటదు.

తొట్టి ఎలా ఉండాలంటారా? పెద్ద పశువులకు రెండు, రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే అందులో కాలు పెట్టవు, పేడ పడదు. గొర్రెలకు, దూడలకు అడుగు ఎత్తు చాలు. అడుగున బిరడా ఉన్న కంత ఒకటి తప్పనిసరి. కంత లేని తొట్టిని ఎవరూ పూర్తిగా ఖాళీ చేయరు, పైపైన తోడి మళ్లీ నింపుతారు. పాచి, బురద, నత్తలు అడుగునే ఉండిపోతాయి. తొట్టి చుట్టూ ఆరడుగుల మేర రాళ్లో కాంక్రీటో పరచి, ఒలికిన నీళ్లు దూరంగా పోయేట్టు కాలువ తీయండి. నేను చూసిన తొట్లలో ఎక్కువ వాటికి వచ్చిన జబ్బు ఇదే. లోపల నీళ్లు శుభ్రంగా ఉంటాయి, బయట కుళాయి కారి ఏడాది పొడవునా చిన్న మడుగు, దాని చుట్టూ పచ్చగడ్డి, ఆ గడ్డిని దూడలు కొరుకుతుంటాయి. చెరువును ఇంటికి తెచ్చుకున్నట్టే అయింది.

వీలైతే రెండు చిన్న తొట్లు కట్టండి. ఒకటి వాడుతుంటే రెండోది ఎండుతుంది. ఎండ మనకు దేవుడిచ్చిన మందు. నత్త గుడ్లు, జలగ పిల్లలు, దూడల్ని పారించే క్రిములు, ఇవన్నీ తడిలో బతుకుతాయి, పొడిలో చస్తాయి. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, కొబ్బరి పీచుతో గోడలు తోమి, పూర్తిగా ఆరనిచ్చి నింపండి. పదిహేను రోజులకోసారి లోపల సున్నం కొట్టండి, పాచి పట్టదు. పాచి లేకపోతే నత్తకు తిండి లేదు.

పెంటకుప్ప ఎక్కడుంది? చెరువు కట్ట మీదో, కాలువ గట్టునో ఉంటే మొదటి వానకే గుడ్లన్నీ నీళ్లలోకి. మెరక మీదికి మార్చండి. కుప్పగా మాగిన పేడలో పుట్టే వేడికి గుడ్లు చస్తాయి. అది ఎరువుకూ మంచిది.

గేదె నీళ్లలో పడుకోకుండా ఉండలేదు, అది దాని ఒంటి తీరు. చెమట పట్టే గుణం దానికి తక్కువ, ఎండకు తట్టుకోలేదు. కాబట్టి ఉన్నట్టుండి చెరువు మానిపించి కొట్టంలో కట్టేస్తే ఇంకో కష్టం. కొట్టం దగ్గర పైపుతో రోజుకు రెండు మూడు సార్లు ఒళ్లు తడపండి. చెరువే గతి అయితే, పొదలు, తుంగ, పచ్చగడ్డి ఉన్న అంచున కాకుండా, ఇసుకో రాయో ఉన్న ఒడ్డున దించండి. నత్తలకు కలుపు కావాలి. కలుపు లేని ఒడ్డు ఎంతో నయం. ఊరి యువకులు కలిసి ఏటా వేసవిలో పశువుల రేవు దగ్గర తుంగ, గుర్రపుడెక్క తీసేస్తే ఏ మందూ చేయలేని పని జరుగుతుంది.

నత్తల్ని చంపడానికి మైలుతుత్తం చల్లమని కొందరు చెబుతారు. డాక్టరుగారిని అడగకుండా ఆ పని చేయకండి. చేపలు చస్తాయి, గొర్రెలకు రాగి విషం త్వరగా ఎక్కుతుంది. బాతులు నత్తల్ని ఇష్టంగా తింటాయి. గోదావరి జిల్లాల్లో కోసిన వరి చేలల్లో బాతుల మందల్ని మేపడం మనకు కొత్త కాదు. వాటిని మడుల్లోకి, కుంటల్లోకి వదలండి కానీ తాగే తొట్టి దగ్గరికి రానివ్వకండి.

మందలతో వలస పోయే గొర్రెల కాపరి ఇవేవీ చేయలేడు. తొట్టి మోసుకుపోలేడు, నీళ్లను ఎంచుకునే స్థోమత ప్రతిచోటా ఉండదు. అతనికి చెప్పగలిగింది రెండు మాటలు. పొలాల్లో మోటారు ఆడుతుంటే ఆ రైతును అడిగి పైపు నీళ్లు తాగించుకోండి, దాహం తీరాకే మందను వాగు వైపు తిప్పండి. నీరు తీసిన శిఖం గడ్డిని, మడుగు అంచు గడ్డిని వీలైనంత దాటవేయండి. తప్పక మేపితే, ఆ సంగతి తారీఖుతో గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పండి.

దూడ దగ్గర బ్లీచింగ్ చాలదు

తొట్టిలో బ్లీచింగ్ పౌడరు వేస్తే అంతా శుభ్రమనే నమ్మకం బలంగా ఉంది. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పౌడరు కలిపి గంట ఆగితే చాలా బాక్టీరియా చస్తుంది. అది మంచి పనే. కానీ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఆ క్లోరిన్‌ను లెక్కచేయదు. వారం రోజులు క్లోరిన్ నీళ్లలో ఉన్నా బతికే ఉంటుంది. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధి చేసిన కుళాయి నీళ్లలోనే ఇది వచ్చి సుమారు 4 లక్షల మందికి విరేచనాలు పట్టుకున్నాయి. మొదట అందరూ పశువుల పేడనే అనుమానించారు. తరువాతి పరీక్షల్లో అది మనుషుల నుంచి మనుషులకు పాకే రకమని తేలింది. క్లోరిన్ దాన్ని ఆపలేదన్నది మాత్రం నిజం.

మన కొట్టాల్లో ఇది పుట్టిన మొదటి మూడు నాలుగు వారాల దూడల్ని పట్టి పసుపుపచ్చగా నీళ్లలా పారిస్తుంది. జబ్బు పడిన ఒక్క దూడ కోట్ల క్రిముల్ని వదులుతుంది. దీన్ని కచ్చితంగా తగ్గించే మందు మన రైతుకు అందుబాటులో లేదు. ఒంట్లో నీరు, లవణాలు తగ్గకుండా చూస్తూ దూడను కాపాడుకోవాలి. మూడు వారాలు దాటిన దూడ రక్తంతో పారుతూ ముక్కుతుంటే అది కాక్సీడియా కావచ్చు, దానికి మందులున్నాయి, ఆలస్యం చేయకండి. ఈ రెండింటికీ మూలం ఒకటే, పెద్ద పశువుల పేడ, తోటి దూడల పేడ దూడ నోటికి చేరడం.

దూడలకు వేరే బకెట్టు పెట్టండి. నెల లోపు దూడకు ఇచ్చే నీళ్లు మరగకాచి చల్లార్చినవి అయితే మేలు. బకెట్టును వేణ్నీళ్లతో కడిగి, ఎండలో బోర్లించండి. పారే దూడను విడిగా కట్టి, దాని పని అన్నిటికంటే చివర చేయండి. తరువాత చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోండి. శానిటైజరు దీన్ని చంపదు, సబ్బూ నీళ్లూ కడిగేస్తాయి. దూడతో ఆడే పిల్లలకు, ఇంట్లో ఒంట్లో శక్తి తగ్గిన పెద్దలకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

ఊరంతా చేసినప్పుడు

ఇది జరిగే పనేనా అని అనుమానం వస్తే నారికురుపును గుర్తు చేసుకోండి. మన పెద్దవాళ్లలో ఆ బాధ చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. దిగుడుబావిలో దిగిన మనిషి కాలి పుండు నుంచి పురుగు పిల్లలు నీళ్లలోకి, అక్కడ కంటికి ఆనని నీటిపురుగులోకి, ఆ నీళ్లు తాగిన మరో మనిషిలోకి. ఆ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. దానికి టీకా లేదు, చంపే మందూ లేదు. కాళ్లు నీళ్లలో పెట్టకుండా బావుల మెట్లు తీసేశారు, చేతిపంపులు వేశారు, నీళ్లు గుడ్డలో వడకట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు, బావుల్లో నీటిపురుగుల్ని చంపే మందు కలిపారు. దేశంలో చివరి కేసు 1996 జులైలో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. జలగలు పూర్తిగా పోతాయని నేను అనను. ఒంటినీ నీటినీ విడదీస్తే నీటి జబ్బు తగ్గుతుందన్నది మాత్రం మన ఊళ్లలోనే రుజువైంది.

ఉపాధి హామీ నిధులతో చాలా ఊళ్లలో పశువుల నీటి తొట్లు కట్టారు. మీ ఊళ్లో కట్టినది ఇప్పుడు ఎలా ఉందో వెళ్లి చూడండి. నీళ్లు వస్తున్నాయా, బిరడా ఉందా, చుట్టూ బురద ఉందా, ఎవరు కడుగుతున్నారు? ఎవరూ కడగకపోతే గ్రామసభలో లేచి అడగండి. పశువులున్న ఇళ్లు వంతులవారీగా వారానికోసారి కడిగేట్టు ఒక మాట అనుకోండి. కట్టడానికి వేలు ఖర్చయింది, కడగడానికి ఒక చీపురు, ఒక గంట చాలు.

ఈ అధ్యాయం చదివిన వారంలోనే ఒక పని చేయండి. మీ పశువుల్లో చిక్కినదాన్ని ఎంచుకుని, పొద్దున్నే తాజా పేడ గుప్పెడు శుభ్రమైన డబ్బాలో తీసుకుని దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లండి. జలగ గుడ్లు ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడమని అడగండి, పశువు ఏ నీళ్లు తాగుతోందో చెప్పండి. కదల్లేని స్థితిలో ఉంటే 1962కు ఫోన్ చేసి సంచార వైద్య వాహనాన్ని పిలిపించండి. ఆ సాయంత్రం నుంచే, పాలు పితికాక, తొట్టి నింపడం మొదలుపెట్టండి.